పాశ్చాత్య చిత్రకళలో దైవదూతలు: పేరు చెప్పేదొకటి, బొమ్మ చూపేదొకటి

నంద్యాల నుండి ఆళ్ళగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. కర్నూలు-కడప రహదారి మీద ఉన్న ఈ రెండు ఊళ్ళలోనూ మసీదులున్నాయి, చర్చీలున్నాయి, దేవాలయాలున్నాయి. ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు పేరుపొందిన ఊరు. అక్కడి శిల్పులు చెక్కిన దేవతా విగ్రహాలు, నాయకుల విగ్రహాలు దూర ప్రాంతాలకు తరలి వెళుతుంటాయి. ఈ సీమకు క్రైస్తవ మతంతో పరిచయం కూడా పాతదే. ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషనరీ సంఘం 19వ శతాబ్ది మధ్యకాలంలో ముత్యాలపాడు కేంద్రంగా ఇక్కడ పని చేసింది. తరువాత నంద్యాల ఆ మిషన్‌కు ముఖ్యస్థానమయింది. 1963లో నంద్యాల పేరుతోనే ఒక డయోసీసు ఏర్పడింది.

ఇటువంటి ప్రాంతంలో పెరిగే ముస్లిం బాలుడు దైవదూత బొమ్మను మొదటిసారి చూసేది మక్తబులో కాదు. డిసెంబరు నెలలో బజారులో అమ్మే గ్రీటింగు కార్డు మీద చూస్తాడు. గోడ క్యాలెండరు మీద చూస్తాడు. పాఠశాల నాటకంలో తెల్లగౌను తొడుక్కుని, అట్టతో చేసిన రెక్కలు కట్టుకుని నిలబడిన తోటి విద్యార్థిలో చూస్తాడు. ఆ బాలుడే సాయంకాలం మక్తబులో ఈమాన్ మూలాంశాలు వల్లిస్తాడు. అల్లాహ్ మీద విశ్వాసం తరువాత వెంటనే వచ్చేది ఆయన దూతల మీద విశ్వాసమే. ఆ మాట నోట పలికే క్షణంలో అతని మనసులో మెదిలే రూపం ఏది? అది కార్డు మీది బొమ్మే అయితే, విశ్వాసంలోని ఒక మూలాంశం గ్రంథం నుండి గాక ఒక చిత్రకారుని కుంచె నుండి అతనికి చేరిందన్నమాట. కనుక ఆ బొమ్మ ఎక్కడ పుట్టిందో, ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకోవడం అవసరం.

పేరులో ఉన్నది పనే

దైవదూతను సూచించే పదాలను పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. అరబ్బీలో 'మలక్' అనే పదానికి సందేశం మోయడమనే అర్థమున్న ధాతువే మూలమని భాషావేత్తల అభిప్రాయం. హీబ్రూలో 'మలాఖ్' అంటే వార్తాహరుడు. గ్రీకులో 'అంగెలోస్' అన్నా అదే అర్థం. ఇంగ్లీషులోని ఏంజెల్ అనే మాట దాని నుండి వచ్చింది. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో వినిపించే 'ఫరిష్తా' పారశీక పదం; పంపబడినవాడని దాని మూలార్థం. తెలుగు బైబిలు అనువాదకులు 'దూత' అన్నారు. తెలుగు ముస్లిములు 'దైవదూత' అంటున్నారు.

ఇన్ని భాషలలోనూ ఈ పేరు ఆ సృష్టి చేసే పనిని చెబుతున్నదే గాని దాని దేహాన్ని వర్ణించడం లేదు. పంపినవాడు ఒకడున్నాడు, పంపబడినవాడు ఆజ్ఞ మోసుకుని వస్తాడు: పేరులో ఉన్నది ఇంతే. చిత్రకారునికి మాత్రం ఇది చాలదు. అతనికి ముఖం కావాలి, వస్త్రం కావాలి, రంగు కావాలి. పాశ్చాత్య కళలో దైవదూత చరిత్ర అంతా, పేరు చెప్పని ఈ వివరాలను ఎక్కడెక్కడి నుండో తెచ్చి పూరించిన చరిత్రే.

రెక్కలు లేని తొలి దూతలు

క్రైస్తవ కళలోని తొలి దైవదూతలకు రెక్కలు లేవంటే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. రోము నగరంలో ప్రిస్కిల్లా భూగర్భ సమాధులలో ఒక పాత చిత్రం ఉంది. కూర్చున్న స్త్రీ ఎదుట ఒక పురుషుడు నిలబడి చేయి చాచి మాట్లాడుతుంటాడు. మర్యమ్‌కు గబ్రియేలు శుభవార్త తెచ్చిన సన్నివేశంగా దీనిని గుర్తించారు. అందులోని దూత సాధారణ మానవుని వలెనే ఉన్నాడు. అతనికి రెక్కలూ లేవు, తల చుట్టూ కాంతివలయమూ లేదు.

రెక్కల దూత కనిపించేది 4వ శతాబ్ది చివరిలో. కాన్‌స్టాంటినోపుల్‌లో, అనగా నేటి ఇస్తాంబుల్‌లో, దొరికిన ఒక పాలరాతి శవపేటిక మీద ఎగిరే దూతల శిల్పాలున్నాయి. తొలి ఉదాహరణలలో ఇది ఒకటి. తరువాత 432-440 మధ్య రోములో అలంకరించిన సాంతా మరియా మజ్జోరె చర్చిలో ఈ మార్పును ఒకే కప్పు కింద చూడవచ్చు. ఇబ్రాహీమ్ (అ) ఇంటికి వచ్చిన ముగ్గురు అతిథులకు అక్కడ రెక్కలు లేవు. అదే చర్చిలో పెద్ద తోరణం మీద మర్యమ్ వద్దకు వచ్చిన దూతకు రెక్కలున్నాయి.

ఈ రెక్కల నమూనా గ్రీకు, రోమను విగ్రహాల నుండి వచ్చింది. గ్రీకులకు నీకె అనే విజయదేవత ఉండేది. రోమనులు ఆమెను విక్టోరియా అన్నారు. జేగీయమానమైన వస్త్రం, వీపున పెద్ద రెక్కలు, చేతిలో పూలదండ, నేలకు ఆనీ ఆనని పాదాలు ఆమె లక్షణాలు. నాణేల మీద, విజయ తోరణాల మీద ఆమె రూపం సామ్రాజ్యమంతటా పరిచితమే. తొలి క్రైస్తవులు తమ దూతకు రెక్కలు పెట్టకపోవడానికి, ఈ దేవతతో పొరబడతారన్న జంకు ఒక కారణమని పండితులు భావిస్తారు. పాత దేవతల ఆరాధన క్షీణించిన తరువాత ఆ జంకు పోయింది. దేవత తొలగింది గాని ఆమె రూపం మిగిలింది. శిల్పుల చేతికి అలవాటైన ఆ రూపమే దైవదూతకు సంక్రమించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దూతలకు రెక్కలుండటం విగ్రహారాధకుల కల్పన అని ముస్లిం అనకూడదు. రెండేసి, మూడేసి, నాలుగేసి రెక్కలున్న దూతలను అల్లాహ్ సందేశవాహకులుగా చేశాడని ఖుర్ఆన్ 35వ సూరా మొదటి ఆయత్‌లోనే ఉంది. బైబిలులోని యెషయా గ్రంథంలోనూ ఆరేసి రెక్కల సెరాపుల ప్రసక్తి ఉంది. రెక్కలున్నాయన్నది సత్యం. అవి ఎటువంటి రెక్కలన్నది మానవునికి తెలియదు. చిత్రకారుడు ఆ తెలియని చోట పక్షి రెక్కలను, విజయదేవత రెక్కలను అతికించాడు.

యువకుడు, స్త్రీ, పసిబిడ్డ

ఆ తరువాతి శతాబ్దాలలో ఏ కాలం వారు ఆ కాలపు గొప్పతనాన్ని దూతకు తొడిగారు. బైజాంటైన్ చక్రవర్తుల కాలంలో మిఖాయేలు, గబ్రియేలు రాజదర్బారు అధికారుల దుస్తులలో కనిపిస్తారు. వాన్ ఐక్ సోదరుల చిత్రంగా ప్రసిద్ధి చెంది, 1432లో పూర్తయిన గెంట్ బలిపీఠ చిత్రంలో పాటలు పాడే దూతలు చర్చి పూజల్లో ధరించే జరీ అంగీలు వేసుకున్నారు. వారికి రెక్కలు లేవు. ఫ్లోరెన్సులోని సాన్ మార్కో మఠం గోడ మీద 1440ల నాటి ఫ్రా ఆంజెలికో చిత్రంలో గబ్రియేలు గులాబీ రంగు దుస్తులతో, పలు వర్ణాల రెక్కలతో మర్యమ్ ఎదుట వంగి నిలుస్తాడు.

మధ్యయుగాల చిత్రాలలో దూత ఎక్కువగా గడ్డం రాని యువకుడు. క్రమంగా ఆ ముఖం మెత్తబడింది, జుట్టు పొడుగైంది. 19వ శతాబ్దికి వచ్చేసరికి సమాధుల మీద పాలరాతి దూత స్పష్టంగా స్త్రీయే అయింది.

పసిబిడ్డ దూత కథ మరీ విచిత్రమైనది. బైబిలులోని కెరూబులు భయం గొలిపే ప్రాణులు. స్వర్గవనపు దారిని కాపలా కాసేది వారే. యెహెజ్కేలు గ్రంథం వారిని నాలుగు ముఖాల వారిగా వర్ణించింది. 15వ శతాబ్దిలో ఇటలీ శిల్పులు పాత రోమను శవపేటికల మీద ఆడుకునే బొద్దు శిశువులను, మన్మథుని వంటి క్యూపిడ్ బొమ్మలను చూసి మళ్ళీ చెక్కనారంభించారు. దొనాతెల్లో వీరిలో ముఖ్యుడు. ఆ శిశువులే చర్చి గోడలెక్కి కెరూబులన్న పేరు తెచ్చుకున్నారు. రఫాయేల్ 1512 ప్రాంతంలో పియాచెంజా పట్టణపు చర్చి కోసం వేసిన సిస్టీన్ మడోన్నా చిత్రం 1754లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరానికి చేరింది. దాని అడుగున మోచేతులానించి పైకి చూసే ఇద్దరు రెక్కల పిల్లలున్నారు. 19వ శతాబ్దిలో రంగుల అచ్చు చౌక అయిన తరువాత ఆ ఇద్దరిని మాత్రమే కత్తిరించి కార్డుల మీద, డబ్బాల మీద ముద్రించారు. నంద్యాల బజారులోని కార్డు మీది బొద్దు దూత ఆ వంశం వాడే. కాపలా ఖడ్గంతో మొదలైన కెరూబు చివరకు మిఠాయి డబ్బా మీద తేలాడు.

క్రైస్తవులలోనే జరిగిన వాదం

దీనిని బట్టి క్రైస్తవ పండితులంతా దూతలను ఇలాగే ఊహించారనుకోవడం న్యాయం కాదు. దూతలు దేహం లేని ఆత్మలని వారి ప్రధాన వేదాంతులు బోధించారు. 13వ శతాబ్దిలో థామస్ అక్వినాస్ సిద్ధాంతం ఇదే. అవసరమైనప్పుడు దూత దేహం ధరించి కనిపిస్తాడని ఆయన వివరించాడు. మరి దేహం లేనిదానికి చిత్రమెలా?

ఈ ప్రశ్న 8వ శతాబ్దిలో తూర్పు రోమను సామ్రాజ్యాన్ని చీల్చింది. 754లో ఒక మహాసభ పవిత్ర చిత్రాలను నిషేధించింది. 787లో నికయాలో జరిగిన రెండవ మహాసభ వాటిని మళ్ళీ అనుమతించింది. ఆ సభలో థెస్సలొనీకా బిషప్ జాన్ వాదాన్ని చదివి వినిపించారు. దూతలు పూర్తిగా దేహరహితులు కారు, గాలి వలె, అగ్ని వలె సూక్ష్మదేహం గలవారు, మనుషులకు కనిపించారు గనుక చిత్రించవచ్చునని ఆ వాదం. చిత్రం నిలవడం కోసం దూతకు ఏదో ఒక దేహాన్ని ఒప్పుకోవలసి వచ్చిందన్నది ఇక్కడ గమనార్హం. తరువాత 1524లో జ్యూరిక్ నగరంలో సంస్కరణవాదులు చర్చీలలోని చిత్రాలను, విగ్రహాలను తొలగించారు. అనగా బొమ్మను గురించిన సందేహం ముస్లిములది మాత్రమే కాదు.

ఖుర్ఆన్, హదీసులు చూపే మార్గం

దైవదూతలు కాంతితో సృష్టించబడ్డారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనగా సహీహ్ ముస్లింలో ఉంది. వారు గౌరవనీయులైన దాసులని, ఆయన మాటకు ముందు మాట్లాడరని, ఆయన ఆజ్ఞ ప్రకారమే నడుచుకుంటారని 21వ సూరా తెలుపుతుంది. ఇక్కడ కూడా వర్ణన దేహానిది కాదు, విధేయతది. కర్మలు వ్రాసేవారున్నారు, ప్రాణం తీసే దూత ఉన్నాడు, నరకానికి కఠినులైన కాపలాదారులున్నారు, అర్ష్‌ను మోస్తూ విశ్వాసుల క్షమాపణకై ప్రార్థించేవారున్నారు.

అరబ్బు బహుదైవారాధకులు దూతలను అల్లాహ్ కుమార్తెలనేవారు. 43వ సూరా వారిని ఒకే ప్రశ్న అడుగుతుంది: దూతలను సృష్టించినప్పుడు మీరు అక్కడ ఉండి చూశారా? ఆ సాక్ష్యం నమోదు చేయబడుతుందని, దానిని గురించి విచారణ ఉంటుందని హెచ్చరిస్తుంది. పాశ్చాత్య చిత్రకారుడు అరబ్బు ముష్రికుల సిద్ధాంతాన్ని నమ్మినవాడు కాడు. అయినా దేవత విగ్రహం నుండి మొదలై పాలరాతి స్త్రీ వద్దకు వచ్చి చేరిన దారి ఆ ఊహకు ఎంత దగ్గరగా వెళ్ళిందో పాఠకులు గమనించగలరు. చూడనిదానికి రూపం కల్పిస్తే ఆ రూపం తెలిసినవాటి వైపే జారుతుంది.

దూతలు మనుషుల కంట పడిన సందర్భాలు ఖుర్ఆన్‌లో, హదీసులలో ఉన్నాయి. మర్యమ్ వద్దకు పంపబడిన దూత సంపూర్ణ మానవుని రూపంలో వచ్చాడని 19వ సూరాలో ఉంది. ఇబ్రాహీమ్ (అ) తన అతిథుల కోసం కాల్చిన దూడ మాంసం తెచ్చి పెట్టారు. వారి చేతులు ఆహారం వైపు సాగకపోవడం చూసి భయపడ్డారు. ఆ అతిథుల వీపున రెక్కలు కనిపిస్తూ ఉంటే ఆయన దూడను కోయించేవారు కారు గదా! జిబ్రీల్ (అ) మహాప్రవక్త (స) సభకు తెల్లని బట్టలు, నల్లని జుట్టు గల అపరిచితునిగా వచ్చి ఇస్లామ్, ఈమాన్‌లను గురించి ప్రశ్నలడిగారు. మరొకసారి దిహ్యా కల్బీ (రజి) రూపంలో వచ్చారు. చూసినవారు మనిషినే చూశామనుకున్నారు.

జిబ్రీల్ (అ)ను ఆయన నిజరూపంలో మహాప్రవక్త (స) చూసినది రెండుసార్లు. ఆయనకు ఆరువందల రెక్కలున్నాయని ఇబ్న్ మస్ఊద్ (రజి) ఉల్లేఖన బుఖారీలో ఉంది. భూమ్యాకాశాల మధ్య ప్రదేశాన్ని ఆ ఆకారం నింపివేసిందని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అర్ష్‌ను మోసే ఒక దూత చెవితమ్మెకూ భుజానికీ మధ్య ఏడువందల సంవత్సరాల ప్రయాణ దూరముందని అబూ దావూద్ హదీసు. వీటిని చదివి ఎవరూ బొమ్మ వేయలేరు. ఈ వర్ణనలు కంటికి రూపమివ్వవు. సృష్టికర్త మహిమ ముందు మనసును వంచుతాయి.

ఆళ్ళగడ్డ శిల్పి రాయి ముందు కూర్చున్నప్పుడు మొదట చూసేది కొలత. శిల్పశాస్త్రంలో దీనిని తాళమానమంటారు. ముఖం ఇంత, మొండెం ఇంత, పాదం ఇంత అని లెక్క. కొలత తప్పితే బొమ్మ తప్పుతుంది. దిగంతాన్ని నింపిన సృష్టికి కొలత ఎవరు తెస్తారు? కొలత దొరకనప్పుడు చేతికి తెలిసిన మరొకదాని కొలతే తీసుకోవలసి వస్తుంది. పాశ్చాత్య శిల్పి చేసినదదే.

ముస్లిం ఇళ్ళలోని బొమ్మలు

ఈ విషయంలో ఇతరులను మాత్రమే తప్పుపట్టడం సత్యం కాదు. 14వ శతాబ్ది ఆరంభంలో తబ్రీజులో తయారైన రషీదుద్దీన్ చరిత్ర గ్రంథంలో జిబ్రీల్ (అ) చిత్రం ఉంది. ఖజ్వీనీ రచించిన సృష్టి వింతల గ్రంథపు ప్రతులలోనూ దూతల బొమ్మలున్నాయి. 1580లో జెసూయిట్ ఫాదిరీలు ఫతేపూర్ సిక్రీలో అక్బరు దర్బారుకు వచ్చినప్పుడు బొమ్మలతో కూడిన బైబిలు తెచ్చారు. ఐరోపా రెక్కల పిల్లలు ఆ కాలంలోనే మొగలు చిత్రాలలో ప్రవేశించారు. జహాంగీరు ఒక సూఫీ షేఖుకు గ్రంథమిస్తున్నట్లు బిచిత్ర్ వేసిన ప్రసిద్ధ చిత్రంలో వారున్నారు. లాహోరు కోటలోని కాలా బుర్జు లోకప్పు మీద కూడా దూతలున్నారు. అయితే ఇవన్నీ రాజుల గ్రంథాలయాలకు, భవనాలకు పరిమితమైనవి. మసీదు గోడ మీదికి గాని ఖుర్ఆన్ ప్రతిలోనికి గాని ఆ బొమ్మలు రాలేదు.

నేడు సామాన్యుల ఇళ్ళలో మరొకటి కనిపిస్తుంది. ఉర్సులలో, దర్గాల వద్ద అమ్మే బురాఖ్ పటంలో గుర్రపు దేహానికి స్త్రీ ముఖం, కిరీటం, నెమలి తోక ఉంటాయి. బురాఖ్ దైవదూత కాదు, మేరాజ్ రాత్రి మహాప్రవక్త (స)ను మోసిన వాహనం. గాడిదకంటె పెద్దది, కంచరగాడిదకంటె చిన్నది అయిన తెల్లని జంతువని మాత్రమే హదీసులో ఉంది. స్త్రీ ముఖానికి హదీసులో ఆధారం లేదు. విజయదేవత రెక్కలు గబ్రియేలుకు వచ్చిన తీరునే ఈ ముఖం బురాఖ్‌కు వచ్చింది.

మక్కా విజయదినాన, హిజ్రీ 8వ సంవత్సరంలో, కాబా గృహంలో గోడల మీద చిత్రాలుండేవి. వాటిలో దైవదూతల బొమ్మలు కూడా ఉండేవని, ఇబ్రాహీమ్ (అ) చేతిలో జోస్యపు బాణాలున్నట్లు చిత్రించారని ఇబ్న్ హిషామ్ వ్రాశాడు. ఇబ్రాహీమ్ (అ)కు ఆ బాణాలతో సంబంధం లేదని చెప్పి మహాప్రవక్త (స) వాటిని చెరిపివేయించారు. అక్కడ తొలగిపోయినది రంగు మాత్రమే కాదు, ఒక ప్రవక్త మీద పడిన అబద్ధం కూడా.

బొమ్మ ఉన్న ఇంట దూతలు ప్రవేశించరని బుఖారీ, ముస్లింలలో హదీసు ఉంది. కారుణ్యాన్ని తెచ్చే దూతలని దీని భావమని, కర్మలు వ్రాసేవారు మనిషిని విడిచిపోరని వ్యాఖ్యాతలు వివరించారు. ఫొటోలు, పిల్లల ఆటబొమ్మల వంటి వాటి గురించి పండితుల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి. కాని దైవదూత బొమ్మను శుభమని గోడకు తగిలించేవాడు ఈ హదీసు ముందు ఒక్క నిమిషం నిలబడి ఆలోచించాలి. ఎవరి రాకను కోరి ఆ పటం తగిలించాడో, వారి రాకకే అది అడ్డమవుతున్నది.

పిల్లవాడు అడిగినప్పుడు

నంద్యాలలోనో ఆళ్ళగడ్డలోనో ఒక పిల్లవాడు కార్డు తెచ్చి, దైవదూత ఇలాగే ఉంటాడా అని తల్లిని అడగవచ్చు. కార్డు ఇచ్చిన క్రైస్తవ మిత్రుని కించపరచనవసరం లేదు, కార్డును చించనవసరమూ లేదు. ఇది ఇటలీలో ఒక చిత్రకారుడు ఊహించుకున్న రూపమని, దైవదూతను అతను చూడలేదని చెప్పవచ్చు. అంతటితో ఆపితే పిల్లవాని మనసులో చోటు ఖాళీగా మిగులుతుంది; ఆ ఖాళీలోకి మళ్ళీ బొమ్మే వస్తుంది. కనుక దూత ఎలా ఉంటాడన్న ప్రశ్నకు, దూత ఏమి చేస్తాడన్నదే జవాబుగా ఇవ్వాలి.

ఇచ్చేందుకు ఆ తల్లి దగ్గర చాలా ఉంది. రాత్రి దూతలు, పగటి దూతలు మారే వేళలు ఫజ్ర్, అస్ర్ నమాజులని, అప్పుడు ఇరువురూ కలుసుకుంటారని హదీసు. వెళ్ళినవారిని అల్లాహ్ తన దాసులను ఏ స్థితిలో విడిచి వచ్చారని అడుగుతాడు, ఆయనకు అంతా తెలిసినా. నమాజులో ఉండగా విడిచి వచ్చామని, వెళ్ళినప్పుడూ నమాజులోనే ఉన్నారని వారు చెబుతారు. రేపు తెల్లవారుజామున అజాన్ వినిపించినప్పుడు ఆ పిల్లవాడు కళ్ళు నులుముకుంటూ లేచి, తండ్రి పక్కన సఫ్‌లో నిలబడితే, ఆ జవాబులో తన పేరూ ఉంటుందని అతనికి తెలుస్తుంది.